డిక్కీలో బియ్యం బస్తా, స్పోర్ట్స్ కారు సరదా: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే కథ. శ్రీకాకుళం కుర్రాడొకడు విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న టర్బో హ్యాచ్‌బ్యాక్‌తో విజయనగరంలో మా షెడ్డుకొచ్చాడు. "పికప్ పోయింది గురూ, మలుపులో మాట వినట్లేదు" అన్నాడు. డిక్కీ తెరిస్తే రెండు సబ్‌వూఫర్లు (బరువైన బేస్ స్పీకర్లు), వాటి పక్కన పాతిక కిలోల బియ్యం బస్తా. బియ్యం ఎందుకు బాబూ అంటే, "వెనకాల బరువుంటే బండి రోడ్డుకి అతుక్కుంటాదన్నారు" అన్నాడు. కంపెనీ ఇచ్చిన పదిహేనంగుళాల చక్రాలు తీసేసి పద్దెనిమిది అంగుళాలవి వేయించాడు.

ఈ "అన్నారు" అనే పెద్దమనిషెవరో ఇన్నేళ్లుగా నాకు దొరకలేదు. దొరికితే టైర్ల బిల్లులన్నీ ఆయన ఇంటికే పంపిస్తాను.

అపోహ: బరువున్న బండికే గ్రిప్ ఎక్కువ.

జనం జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఇదే. బరువు టైరుని రోడ్డుకి నొక్కుతుంది, నిజమే. మలుపులోకి వెళ్తే అదే బరువు బండిని బయటికీ తోస్తుంది. బరువు రెండింతలైతే తోపుడు సరిగ్గా రెండింతలవుతుంది. రబ్బరు పట్టు మాత్రం అంత పెరగదు, కొంత తక్కువే పెరుగుతుంది. ఆ తరుగు ప్రతి మలుపులో తెలుస్తూనే ఉంటుంది. "మరి ఫార్ములా వన్ కార్లు అతుక్కుపోతాయి కదా" అంటారు. 2024 రూల్స్‌లో వాటి కనీస బరువు డ్రైవరుతో కలిపి 798 కిలోలు. మన ఖాళీ స్విఫ్ట్ కన్నా తక్కువ! వాటిని నొక్కేది రెక్కల మీదా, బండి అడుగు కిందా పోయే గాలి. గాలి నొక్కి ఊరుకుంటుంది, బయటికి తోయదు. బియ్యం బస్తా రెండు పనులూ చేస్తుంది.

బరువు ఎంతుందన్నదే కాదు, ఎక్కడుందో కూడా చూడాలి. కావడి భుజాన వేసుకుని చటుక్కున పక్కకి తిరిగి చూడండి. మీరు తిరిగాక కూడా కుండలు తిరుగుతూనే ఉంటాయి. అదే బరువు నెత్తిన పెట్టుకుంటే మీతోపాటే తిరుగుతుంది, మీతోపాటే ఆగుతుంది. వెనక బంపరు దగ్గర వూఫర్లు పెట్టడమంటే బండికి కావడి కట్టడమే. ఇంజిన్‌ని సీట్ల వెనక, కారు నడుముకి దగ్గరగా పెట్టే స్పోర్ట్స్ కార్ల రహస్యంలో సగం ఇదే.

అన్నిటికన్నా ఖరీదైన బరువు చక్రాల్లో ఉంటుంది. ఆ కుర్రాడి పాత చక్రం, కొత్త చక్రం టైర్లతో సహా కాటా మీద పెట్టి చూపించాను. పాతది 16 కిలోలు, కొత్తది 22. నాలుగింటికి 24 కిలోలు ఎక్కువ, అదీ స్ప్రింగులకి కింద. గతుకు వచ్చినప్పుడు ఈ బరువుని అదుపు చేయాల్సింది షాక్ అబ్జార్బరే. ఆ పని దాని చేతకాకపోతే టైరు రోడ్డుని వదిలేస్తుంది. పైగా పికప్‌కి కొట్టిన దెబ్బ కూడా ఇదే, ఎందుకంటే చక్రాన్ని ముందుకు తోయడమే కాదు, తిప్పాలి కూడా. అల్లాయ్ చక్రం (అల్యూమినియం మిశ్రమంతో చేసింది) అంటే తేలిక అని ఎవరు చెప్పారో గాని, చవక పోత అల్లాయ్‌లు ఒక్కోసారి ఇనప రిమ్ముల కన్నా బరువు తూగుతాయి. కొనేముందు కాటా వేయించండి, సిగ్గుపడకండి.

గల్ఫ్‌లో, యూఏఈలోని అల్ ఐన్‌లో ఒక వర్క్‌షాపులో తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ జెబెల్ హఫీత్ అని ఒక కొండ, దాని మీదికి మన అరకు ఘాట్ కన్నా నున్నటి మెలికల రోడ్డు. టెస్టుకని ఒకరోజు రెండు టన్నుల పెద్ద స్పోర్ట్స్ సెడాన్ ఎక్కించారు. ఎక్కేటప్పుడు విమానమే. దిగేటప్పుడు నాలుగో మలుపుకే కాలిన వాసన, బ్రేక్ పెడల్ మెత్తబడిపోయింది, గుండె జారింది. వెయ్యి కిలోల బండి గంటకి వంద కిలోమీటర్ల నుంచి ఆగితే దాదాపు 386 కిలోజూళ్ల శక్తి ఎక్కువభాగం బ్రేకుల్లో వేడిగా మారాలి. రెండు వేల కిలోలైతే దానికి రెట్టింపు. అది మనకి చెప్పాలా, సాలూరు ఘాట్‌లో లోడుతో దిగే లారీ డ్రైవరుని అడగండి, ఏ గేరులో దిగాలో ఆయనే చెప్తాడు.

మర్నాడు అదే కొండకి పాత మాజ్దా ఎంఎక్స్-5 తీసుకెళ్లాను. వెయ్యి కిలోల లోపు బండి, 1.6 లీటర్ ఇంజిన్. అరవైలో వెళ్తూ ఒంటరిగా నవ్వుకున్నాను. స్టీరింగ్ ఇంత తిప్పితే బండి అంతే తిరిగింది. నాకు సరదా అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

అపోహ: హార్స్‌పవర్ ఉంటే బరువు లెక్కలేదు.

నేరుగా పోయేంతవరకే. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 కి 727 హార్స్‌పవర్, బరువు 2,400 కిలోల పైనే. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీజ్‌కి 118 హార్స్‌పవరే, కానీ బరువు 725 కిలోల దగ్గర. నడిపినవాళ్లు ఇప్పటికీ ఏది తలుచుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

అపోహ: తేలిక బండి హైవేలో గాలికి ఎగిరిపోతుంది.

ఎగరదు. తొంభైలో వణుకుతుంటే ముందు టైరు గాలి, తర్వాత అలైన్‌మెంటు, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు చూపించండి.

అపోహ: స్పేర్ చక్రం పీకేస్తే స్పోర్ట్స్ కారైపోతుంది.

రాత్రి పదకొండుకి రణస్థలం దాటాక పంక్చరైతే నాకు ఫోన్ చేయొద్దు.

ఇక అమ్మానాన్నల భయం వేరు. "రేకు పల్చన, గుద్దితే ఏమవుతుందో" అని ఒకాయన మొన్న చాలాసేపు మథనపడ్డాడు. ఆయన్ని తప్పుపట్టను. రెండు బళ్లు ఎదురెదురుగా ఢీకొంటే తేలిక బండికే దెబ్బ ఎక్కువ, అది కాదనలేం. కానీ ప్రాణం కాపాడేది పై రేకు కాదు, లోపలి చట్రం, బెల్టు, ఎయిర్‌బ్యాగులు. బండి బరువు కాదు, క్రాష్ టెస్టు రేటింగ్ చూడండి. అబ్బాయి చేత బెల్టు పెట్టించండి.

కుర్రాడి బండికి పాత చక్రాలు ఎక్కించి, డిక్కీ ఖాళీ చేసి, అలైన్‌మెంటు చేసి ఇచ్చాను. ఓ రౌండు కొట్టొచ్చి, "ఏటి మార్చినావు గురూ, ఇంజిన్‌కి చిప్పేటైనా ఎట్టినావా?" అన్నాడు. బియ్యం దింపాను అన్నాను. ఆ పద్దెనిమిది అంగుళాల చక్రాలు మా షెడ్డు మూల పడున్నాయి, అమ్మిపెట్టమన్నాడు. నిన్న ఒకడొచ్చి ధర అడిగాడు. పైన రాసిందంతా వాడికి చెప్పాను. ఓపికగా విన్నాడు. విని, "అయినా లుక్కు బాగుంటాది కదా" అన్నాడు.