పుట్టిన దేశమే లెక్క: ఆల్బర్ట్ జాన్సన్ తెచ్చిన చట్టం

గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. క్యూలో మీరు ఏ దేశం లెక్కలోకి వస్తారన్నది పుట్టిన చోటును బట్టి ఉంటుంది. మధ్యలో కెనడా పౌరసత్వం తీసుకున్నా ఇండియా లెక్కే. ఈ పద్ధతిని అమెరికా చట్టాల్లోకి ఎక్కించిన వాళ్లలో ముఖ్యుడు ఆల్బర్ట్ జాన్సన్.

1869లో పుట్టిన జాన్సన్ వాషింగ్టన్ రాష్ట్రంలో పత్రికా సంపాదకుడు. 1907లో అదే రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో, రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలను అల్లరిమూకలు కొట్టి ఊరి నుంచి తరిమేశాయి. వలసల మీద అంత కోపం రగిలిన ప్రాంతం నుంచి ఆయన 1912లో రిపబ్లికన్‌గా గెలిచి ప్రతినిధుల సభకు వెళ్లాడు. 1919లో ఇమిగ్రేషన్ కమిటీ అధ్యక్షుడై, 1931 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

1921 చట్టం ఒక్కో దేశానికి కోటా పెట్టింది. 1910 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో పుట్టినవాళ్లు అమెరికాలో ఎంతమంది ఉన్నారో చూసి, అందులో 3 శాతాన్ని ఏటా రానిస్తారు. జాన్సన్‌కు అది చాలలేదు. 1924లో సెనేటర్ డేవిడ్ రీడ్‌తో కలిసి తెచ్చిన చట్టంలో 3 శాతాన్ని 2 చేసి, 1910 బదులు 1890 లెక్కలు తీసుకున్నాడు. అసలు దెబ్బ ఆ సంవత్సరం మార్చడంలోనే ఉంది. ఇటాలియన్లు, పోలిష్ వాళ్లు, రష్యా యూదులు ఎక్కువగా వచ్చింది 1890 తర్వాతే మరి. ఇటలీ కోటా 42,057 నుంచి 3,845కు పడిపోయింది. చట్టంలో ఎవరి జాతినీ తిట్టలేదు, ఒక అంకె మార్చారు, అంతే. దాని వెనకున్న ఆలోచన మాత్రం దాచినది కాదు. మనుషుల్లో మేలు రకం, నాసి రకం ఉంటాయని చెప్పే యూజెనిక్స్ ప్రచారకుడు హ్యారీ లాఫ్లిన్‌ను కమిటీ తన నిపుణుడిగా పెట్టుకుంది.

ఆసియావాళ్లకు ఆ కోటా కూడా దక్కలేదు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రాకూడదన్నారు. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లోనే భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాగితం మీద ఇండియాకూ 100 కోటా ఉంది, కానీ అది ఇండియాలో పుట్టిన తెల్లవాళ్లకే పనికొచ్చేది. ఇంతకన్నా అవమానం ఏముంటుంది!

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగింది 1923 అక్టోబర్‌లో, ఈ చట్టానికి ఏడు నెలల ముందు. ఎంత గొప్ప పరిశోధన చేసినా 1946 దాకా ఆయనకు పౌరసత్వం అడిగే హక్కే లేదు. పౌరుడు కాకుండానే 1948లో అమెరికాలోనే కన్నుమూశారు.

జాన్సన్ 1932లో ఓడిపోయి, 1957లో చనిపోయాడు. 1924లో ఆయన బిల్లును సభలో గట్టిగా ఎదిరించిన కొత్త సభ్యుడు ఇమాన్యుయల్ సెల్లర్ మాత్రం పట్టు వదల్లేదు. భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చిన 1946 చట్టం మీదా, జాతీయ కోటాలను రద్దు చేసిన 1965 చట్టం మీదా ఆయన పేరే ఉంది. ఆ 1965 చట్టమే ఆసియా, యూరప్, ఆఫ్రికా ఉన్న తూర్పు అర్ధగోళంలోని దేశాలకు ఏటా తలా 20,000 వలస వీసాలని పరిమితి పెట్టింది. ఇప్పుడది, ఏటా పరిమితి ఉన్న కుటుంబ, ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం. ఎవరు ఏ దేశం కింద పడతారన్నది మాత్రం ఇప్పటికీ పుట్టిన చోటును బట్టే.