ఉపేక్షించుకోవడం అంటే ఒంటిని ఎండబెట్టుకోవడమా? శిష్యత్వం మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో ఒక టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో శనివారం సాయంత్రాలు మా శిష్యత్వ తరగతి జరుగుతుంది. పన్నెండేళ్లయింది మొదలుపెట్టి. పీజీల్లో ఉండే సాఫ్ట్‌వేర్ పిల్లలు, నర్సులు, క్యాబ్ నడిపేవాళ్లు, వంటపనికి వెళ్లే అక్కలు వస్తారు. అందరూ తెలుగువాళ్లే. నేను పాస్టర్‌ని కాదు. వారమంతా ఒక ఆఫీసులో జమాఖర్చులు చూసుకుంటాను, శనివారం ఈ తరగతి చూసుకుంటాను.

కొత్తవాళ్లు రాగానే లూకా 9:23 చదివిస్తాను. "ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను." చదివాక అర్థం చెప్పమంటాను. ఏ ఏడాదైనా జవాబులు దాదాపు అవే వస్తాయి.

అపోహ: ఉపేక్షించుకోవడం అంటే ఒంటిని, ఆరోగ్యాన్ని పట్టించుకోకపోవడం

ఇందులో సగం తప్పు మన భాషది. ఇప్పుడు మనం వాడే తెలుగులో ఉపేక్ష అంటే నిర్లక్ష్యం. "జ్వరాన్ని ఉపేక్షించవద్దు" అని పేపర్లో డాక్టర్లు రాస్తుంటారు. ఆ అలవాటుతోనే వాక్యం చదివి, యేసు మన ఒంటిని గాలికి వదిలేయమన్నాడు అనుకుంటాం.

గ్రీకులో అక్కడున్న మాట అర్నెయోమై. కాదనడం, ఎరుగననడం అని అర్థం. యేసును పట్టుకుపోయిన రాత్రి, కోడి కూయకముందు ఆయన శిష్యుడు పేతురు చేసిన పనికి లూకా వాడింది కూడా ఇదే మాట. మంట దగ్గర దాసి గుర్తుపట్టి అడిగితే "అమ్మాయీ, నేనతని నెరుగను" అన్నాడు పేతురు. యేసు గురించి అనకూడని ఆ మాటను మన గురించి మనం అనుకోవాలి. నాలో కూర్చుని పెత్తనం చేస్తున్న ఈ 'నేను' ఎవడో నాకు తెలియదు, వీడు చెప్పినట్టు నేను నడవను అనాలి. గద్దె దిగాల్సింది వాడు. కడుపు, కళ్లు, నడుము ఏం పాపం చేశాయి?

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడి "నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు ప్రసంగం మొదలుపెట్టలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పంపాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు (1 రాజులు 19). మాట్లాడటం ఆ తర్వాత.

మా తరగతిలో ఒక నర్సమ్మాయి ఉండేది. వారంలో ఐదు నైట్‌ డ్యూటీలు, శుక్రవారం సెలవు రాత్రి ఆల్‌నైట్ ప్రేయరు, శనివారం మళ్లీ డ్యూటీ. ఐసీయూలో నువ్వు కునికితే ఆ రోగి సంగతేంటమ్మా అని అడిగాను. శుక్రవారం ఇంట్లో పడుకోమన్నాను. కొందరికి కోపం వచ్చింది.

అపోహ: ఉపవాసం ఎన్ని రోజులైతే ఆత్మీయత అంత

ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస కాలాన్ని భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు ఆదివారాలు తీసేసి లెక్కేస్తే 40 రోజులు. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి దాన్ని ఉపవాసాల్లో లెక్కించరు. ఇది చెప్పగానే ఒక అబ్బాయి "అయితే ఆదివారం బిర్యానీ తినొచ్చా అంకుల్?" అన్నాడు. తినొచ్చు నాన్నా.

ఒక ఏడాది మా తరగతిలో ఒకే పీజీలో ఉండే నలుగురు పిల్లలు ఆ 40 రోజులూ పట్టుదలగా ఉపవాసం మొదలుపెట్టారు. పగలంతా ఏమీ తినరు, ఆఫీసు నుంచి వచ్చి ప్రార్థనలో కూర్చుంటారు, రాత్రి తొమ్మిదిన్నరకి వేడి చపాతీలు తింటారు. ఆ పీజీలో వంట చేసే అక్క కూడా మా తరగతికే వస్తుంది. కదిరి వైపు మనిషి. ఎనిమిదిన్నరకి పని ముగించి ఇంటికెళ్లాల్సినామె ఆ పిల్లల కోసం స్టవ్ దగ్గర కాచుకుని ఉండేది. బస్సు తప్పిపోతే నడిచి వెళ్లేది. ఇంట్లో ఆమె కూతురు తినకుండానే నిద్రపోయేది. ఒక శనివారం మాటల్లో బయటపడింది. ఫిర్యాదేమీ కాదు. "పిల్లోళ్లు దేవుని కోసరం పస్తుంటాండారు గదన్నా, నేనేం అనేది" అంది.

ఆ రోజు పాఠం పక్కనపెట్టి యెషయా 58 తెరిచాం. మేము ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ణి అడుగుతారు. ఉపవాస దినాన మీ పనివాళ్లతో కఠినమైన పని చేయిస్తున్నారు కదా అంటాడాయన. నలుగురూ తల ఎత్తలేదు. మర్నాటి నుంచి చపాతీలు ఎనిమిదికే చేసి మూతపెట్టి వెళ్లమన్నారు. చల్లారినవే తిన్నారు, గిన్నెలు వాళ్లే కడుక్కున్నారు. ఆ 40 రోజుల్లో వాళ్లు నిజంగా ఉపవాసమున్నది అప్పటి నుంచే అని నా లెక్క. ఒక పూట మానుకున్నప్పుడు పక్కమనిషికి ఏం దక్కిందో అడగాలని యెషయా నేర్పాడు. నేను ఇప్పటికీ అదే అడుగుతాను.

ఇంకొక మాట. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఉపవాసం మొదలుపెట్టకండి, మాత్రలు ఆపకండి. విశ్వాసం చాలక అంటున్న మాట కాదిది.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేవనివాడు శిష్యుడు కాదు

మా క్యాబ్ డ్రైవర్ తమ్ముడు నాలుగింటికి ఇంటికొచ్చి పడుకుంటాడు. ఎయిర్‌పోర్టు పార్కింగులో తర్వాతి ట్రిప్పు కోసం ఎదురుచూసే నలభై నిమిషాల్లో ఫోన్లో కీర్తన చదువుకుని ప్రార్థన చేసుకుంటాడు. 55వ కీర్తనలో సాయంకాలమున, ఉదయమున, మధ్యాహ్నమున అని ఉంది. ఈ అపోహ గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

అపోహ: నాకొచ్చిన కష్టమే నా సిలువ

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఇదే. మోకాళ్ల నొప్పి నా సిలువ, మేనేజరు నా సిలువ, అత్తగారు నా సిలువ. మనం ఖర్మ అనే మాటకి బాప్తిస్మమిచ్చి సిలువ అని పేరు పెట్టుకున్నాం.

యేసు మాట విన్న గలిలయవాళ్లకి సిలువ అంటే మెడలో వేసుకునేది కాదు, తలరాత కూడా కాదు. రోమా ప్రభుత్వం తిరుగుబాటుదారులకీ బానిసలకీ వేసే మరణశిక్ష. హేరోదు చనిపోయాక జరిగిన తిరుగుబాట్లను అణచడానికి వచ్చిన రోమా అధిపతి వారుస్ సుమారు 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు యోసేపస్ రాశాడు. యేసు పసితనం నాటి సంగతి అది. ఆ శిక్ష పడ్డవాళ్ల చేత అడ్డదూలం మోయించి ఊళ్లోంచి నడిపించేవారు. కాబట్టి "సిలువను ఎత్తికొని" అనగానే విన్నవాళ్లకి అర్థమైంది ఒకటే: ఈయన వెంట నడిస్తే దానికి వెల కట్టాల్సి రావచ్చు. ఆయన్ని వెంబడించినందువల్ల వచ్చేదే సిలువ. లంచం తీసుకోననడం వల్ల ఆగిన ప్రమోషను ఆ లెక్కలోకి వస్తుంది. మోకాళ్ల నొప్పి రాదు, దానికి ఆర్థోపెడిక్ డాక్టరున్నాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక చెల్లెలు తరగతి అయ్యాక ఆగి, భర్త తాగి కొడుతున్నాడని చెప్పింది. "ఓర్చుకోమ్మా, అది దేవుడు నీకిచ్చిన సిలువ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మూడు నెలల తర్వాత చేతికి కట్టుతో వచ్చింది. అప్పుడు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నిద్రపట్టక సువార్తలు తిరగేస్తుంటే కురేనీయుడైన సీమోను దగ్గర ఆగిపోయాను. దారినపోయే అతని భుజాన బలవంతంగా యేసు సిలువను పెట్టింది సైనికులు. యేసు ఎవరి భుజం మీదా అలా పెట్టలేదు. ఎత్తుకొమ్మన్నాడు, అంటే ఎత్తుకునేది మనమే, తెలిసి, ఇష్టపడి. ఆ రోజు ఆ చెల్లెలి దగ్గర నేను చేసింది సైనికుల పని.

ప్రధాన యాజకుడి ఇంట బంట్రౌతు చెంపదెబ్బ కొట్టినప్పుడు యేసు ఊరుకోలేదు, "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. కొరడాలతో కొట్టబోతే అపొస్తలుడు పౌలు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు. అడగడం, చట్టం సాయం తీసుకోవడం శిష్యత్వానికి విరుద్ధమైతే వీళ్లిద్దరూ తప్పుచేసినట్టే. ఇంట్లో దెబ్బలు తింటూ ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి, ప్రాణం మీదికొస్తే 112కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు కూడా అడగొచ్చు. ప్రార్థన చేయొద్దని నేను అనడంలేదు. ముందు క్షేమంగా ఉన్నచోటికి వెళ్లి చేసుకోండి.

అపోహ: నగలు, పూలు, సినిమాలు మానేస్తే చాలు

మానేసినవాళ్లని నేను తప్పుపట్టను. కానీ మన సంఘాల్లో ఆడవాళ్లు చెవుల కమ్మలు కూడా తీసేశారు. మగవాళ్లు ఏం తీసేశారో ఎవరైనా చెప్పండి.

అపోహ: దేవుని పనికి అంతా ఇచ్చేస్తే ఇంటి సంగతి ఆయనే చూసుకుంటాడు

దీనికి మార్కు 7లో పేరే ఉంది, కొర్బాను. తల్లిదండ్రులకి వెళ్లాల్సిన సొమ్మును దేవునికి అర్పితం అని చెప్పి చేయి దులుపుకునే పద్ధతి. యేసు దాన్ని భక్తి అనలేదు, దేవుని వాక్యాన్ని కొట్టేయడం అన్నాడు. జీతంలో మూడో వంతు కానుకలకి ఇచ్చే ఒక అబ్బాయి, ఒంగోలులో నాన్న కంటి ఆపరేషన్‌కి చెల్లి అప్పు చేసిందని చాలా మామూలుగా చెప్పాడు. సంఘంలో అతని పేరు చదివినప్పుడు చప్పట్లు కొడతారు. నాన్నకి డబ్బు పంపితే ఎవరూ కొట్టరు. ఈ 'నేను' గద్దె దిగినట్టు నటించి చప్పట్లు వినబడేచోట మళ్లీ ఎక్కుతాడు. ఎంత ఇస్తున్నావని కాకుండా, ఎవరూ చూడకపోతే ఎంత ఇస్తావని ఆ అబ్బాయిని అడిగాను.

అపోహ: ఉపేక్షించుకోవాల్సింది పాపాలనే, మంచివాటి జోలికి పోనక్కర్లేదు

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాస్తూ తాను వదులుకున్నవాటి లిస్టు ఇస్తాడు. అందులో తాగుడు, జూదం ఉండవు. ఎనిమిదో దినాన సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం ఉంటాయి. పుట్టుక, వంశం, గోత్రం. క్రీస్తు కోసం వాటన్నిటినీ పెంటతో సమానంగా ఎంచాను అంటాడు.

మన దగ్గర ఈ వాక్యాన్ని గబగబా చదివేసి పేజీ తిప్పేస్తాం. బెంగళూరు వచ్చిన తెలుగు విశ్వాసి కొత్త సంఘంలో ఎదుటివాళ్లని అడిగే ప్రశ్నలు చూడండి. "ఏ ఊరు బ్రదర్? ఊళ్లో ఎటువైపు? ఇంటిపేరేంటి?" మూడు ప్రశ్నల్లో కులం తేలిపోతుంది. ప్రభువు బల్లలో అందరం ఒకే రొట్టె విరుస్తాం. పెళ్లి దగ్గరికొచ్చేసరికి "మనవాళ్లలోనే, రక్షణ పొందిన సంబంధం" కావాలి. ఒక పూట అన్నం మానడం తేలిక. 40 రోజులు మానినా బతికే ఉంటాం. ఇంటిపేరుతో వచ్చిన ఆ కాస్త గొప్ప మానుకోమంటే మాత్రం ప్రాణం పోయినట్టుంటుంది. లూకా ఒక్కడే ఆ వాక్యంలో "ప్రతిదినము" అనే మాట రాశాడు, మత్తయిలో, మార్కులో అది లేదు. ఎందుకు రాశాడో ఈ విషయం దగ్గర నాకు బాగా తెలుస్తుంది. బాప్తిస్మం రోజు నీళ్లలో వదిలేశాననుకున్నది ప్రతి ఫోన్ కాల్‌లో మళ్లీ తేలుతుంది.

ఇదంతా తరగతిలో నిలబడి చెప్పాను కాబట్టి నా సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. బయోడేటా టైపు చేసింది నేనే. పేరు, చదువు, సంఘం తర్వాత ఆ వరుస కూడా నా వేళ్లు వాటంతటవే కొట్టేశాయి. రెండు వారాలు ఆ ఫైలు తెరవడం, మూయడం. మొన్న రాత్రి ఆ వరుస తీసేసి బంధువుల గ్రూపులో పెట్టాను. పొద్దున్నే ఊరి నుంచి మా అన్నయ్య ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మధ్యాహ్నం లోపు ఇంకో రెండుసార్లు చేశాడు. ఈ సాయంత్రం నేనే చేయాలి.