కీమో ఎప్పుడో అయిపోయింది, మరి ఫినాయిల్ వాసనకు వికారం ఎందుకు?

రొమ్ము క్యాన్సర్‌కు కీమో పూర్తయి మూడేళ్లయినా, చెకప్‌కని ఆసుపత్రి గేటు దాటగానే ఫినాయిల్ వాసనకు కడుపులో తిప్పేస్తోందని ఒక పాఠకురాలు రాశారు. "రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, నీకే ధైర్యం లేదు" అంటున్నారట ఇంట్లోవాళ్లు. అత్తగారు దిష్టి కూడా తీశారట. నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు పోతే నష్టం లేదు గానీ, ఆ ధైర్యం మాటతోనే నాకు పేచీ.

గంట కొట్టి కూడు పెడుతూ పోతే, చివరికి గంట మోతకే నోరూరిన పావ్లోవ్ కుక్కను బడిలో రెండు మార్కుల ప్రశ్నగా చెప్పి వదిలేస్తారు. అసలు తమాషా ఆ తర్వాతే ఉంది. అమెరికాలో జాన్ గార్సియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు పెట్టి, అవి తాగుతుండగా వికారం తెప్పించే గామా కిరణాలు సోకేలా చేశాడు. 1955లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ఆ ఎలుకలు తర్వాత తీపి నీళ్ల జోలికి పోలేదు. గంటకూ కూడుకూ ముడి పడాలంటే రెండూ వెంటవెంటనే, చాలాసార్లు జరగాలి. రుచికీ వికారానికీ మాత్రం ఒక్కసారి చాలు. తిన్న కొన్ని గంటలకు కడుపు తిప్పినా ముడి పడిపోతుంది. విషపు కాయ తిని బతికిన జంతువు రెండోసారి పరీక్షించి చూడకూడదు మరి! గార్సియా ఈ మాటంటే శాస్త్ర పత్రికలు చాలాకాలం నమ్మలేదు, వ్యాసాలు తిప్పి పంపాయి.

1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు ఇదే విషయాన్ని కీమో తీసుకుంటున్న పిల్లల్లో చూపించింది. మందు ఎక్కించే ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెడితే, తర్వాత చాలామంది అది వద్దన్నారు. వాంతులు మందువల్లేనని తెలిసినంత మాత్రాన ఈ ముడి పడకుండా ఆగదు. ఆవిడే తర్వాత ఇంకో చమత్కారం చేసింది. అన్నానికీ మందుకూ మధ్య ఘాటైన రుచి ఉన్న బిళ్ల చప్పరించమంటే, అసహ్యం ఆ బిళ్ల మీదికి పోయి అన్నం బతికిపోయింది. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించుకున్నవాళ్లలో కొందరికి ఎర్ర షర్బత్ చూస్తేనే వికారం.

కీమో మందు పేగు గోడలోని కణాల నుంచి సెరటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. అది పేగు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడి చివర, ఆ రసాయనాన్ని పట్టుకునే 5-హెచ్‌టీ3 గ్రాహకాలను తాకితే, కబురు మెదడు కాండానికి చేరి వాంతి వస్తుంది. వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్ మాత్ర ఆ గ్రాహకాలనే మూస్తుంది. మన పాఠకురాలికి కీమో రోజుల్లో ఆసుపత్రి ఫినాయిల్ వాసనకూ వికారానికీ ఇలాగే ముడి పడింది. ఇప్పుడు ఆ వాసన వచ్చినప్పుడు పేగు నుంచి కబురే లేదు, వికారం మొదలయ్యేది మెదడులోనే. అందుకే ఆ మాత్ర దీనికి పెద్దగా పనిచేయదు.

ఈ ముడి చెరిగిపోదు. దాని పక్కనే "ఈ వాసన వచ్చినా ఏమీ కాలేదు" అనే కొత్త పాఠం చేరి, పాతదాన్ని అణిచి ఉంచుతుంది. చిక్కేమిటంటే, కొత్త పాఠం ఎక్కువగా నేర్చుకున్న చోటే పనిచేస్తుంది. ఇంట్లో కళ్లు మూసుకుని ఎంత ప్రశాంతంగా ఊపిరి తీసినా ఆసుపత్రి వరండాలో అది గుర్తు రాకపోవచ్చు. కాబట్టి పరీక్షలేమీ లేని రోజున కూడా వెళ్లి, ముందు గేటు దగ్గర, తర్వాత క్యాంటీన్‌లో, ఆపైన ఓపీ బెంచీ మీద కాసేపు కూర్చుని, వికారం తగ్గాకే లేచి రావాలి. మధ్యలో పారిపోయి వస్తే పాత ముడే గట్టిపడుతుంది.

స్కాన్ ముందు వచ్చే టెన్షన్‌దీ కొంతవరకు ఇదే దారి. గడ్డేమైనా ఉందేమోనని తడుముకుంటే, లేదని తేలి క్షణం హాయిగా ఉంటుంది. ఆ హాయే మళ్లీ తడుముకోమంటుంది. అలా రోజుకు పదిసార్లు చూసుకునేవాళ్లు డాక్టర్ ఎప్పుడెప్పుడు చూసుకోమన్నారో అంతవరకే పెట్టుకోవాలి. అయితే కొత్త లక్షణం ఏది కనిపించినా భయమేలెమ్మని కొట్టిపారేయకుండా చెప్పాల్సిందే.

రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి, ఆసక్తి పోతే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లాలి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ దాన్ని ఎండాక్సిఫెన్ అనే చురుకైన రూపంలోకి మారుస్తుంది. దిగులుకు వాడే పారోక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ లాంటివాటితో ఆ ఇబ్బంది చాలా తక్కువ. ఇప్పటికే వాడుతున్న మాత్రను మాత్రం సొంతంగా ఆపేయకండి, డాక్టరే మారుస్తారు.