కిందికి పారే గాలి

1979 ఫిబ్రవరి 20. ఇండొనేషియాలోని జావా ద్వీపం మధ్యభాగంలో, దియెంగ్ పీఠభూమి మీద కెపుచుకన్ అనే చిన్న పల్లె. అర్ధరాత్రి దాటాక నేల కంపించడం మొదలైంది. తెల్లవారుజామున ఊరికి దగ్గర్లోనే ఉన్న సినిలా అనే బిలం పేలింది. అగ్నిపర్వతం పక్కన బతికేవాళ్ళు ఎవరైనా ఏం చేస్తారో ఆ ఊరివాళ్ళూ అదే చేశారు. పిల్లల్ని వెంటబెట్టుకుని, ఇళ్ళు వదిలేసి, పడమట బాతుర్ వైపు పోయే దారి పట్టారు. ఆ దారిలో దాదాపు 150 మంది చనిపోయారు. వాళ్ళ ప్రాణం తీసింది లావా కాదు. మనం ఊపిరి వదిలినప్పుడల్లా బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్.

ఈ వాయువు మామూలు గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. గాలి అణువుల సగటు బరువు 29 అనుకుంటే దీనిది 44. కొద్దికొద్దిగా వస్తే గాలిలో కలిసి చెదిరిపోతుంది. ఒక్కసారిగా పెద్ద మొత్తంలో నేలలోంచి వస్తే మాత్రం పైకి లేవదు, వాలు పట్టుకుని కిందికి పారుతుంది. వాగులో, కాలువలో, రోడ్డు పల్లంలో చేరి నిలబడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన పల్లెల్లో పాతబడిన బావిలో పూడిక తీయడానికి దిగేముందు లాంతరు వేలాడదీసి చూసేవాళ్ళు. దీపం కొండెక్కిందంటే ఎవరూ దిగేవాళ్ళు కాదు. దియెంగ్‌లో ఆ రోజు లోయంతా అలాంటి బావే అయింది.

మన ఒంటికి ఈ వాయువంటే ఎందుకంత ప్రమాదం? ఊపిరి ఎప్పుడు పీల్చాలో మెదడుకు చెప్పేది ముఖ్యంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడే. బయటి గాలిలో అది మామూలుగా 0.04 శాతం ఉంటుంది. 3 శాతానికి చేరితే ఊపిరి వేగం పెరుగుతుంది, 5 శాతం దాటితే ఆయాసం, తలనొప్పి. 10 శాతం దాటితే కొద్ది నిమిషాల్లో స్పృహ పోతుంది. ఇంకా పెరిగితే ఆ కాస్త వ్యవధి కూడా ఉండదు. ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే కాదు, ఈ వాయువే రక్తాన్ని ఆమ్లంగా మార్చి మెదడును మత్తులోకి నెడుతుంది. భయంతో పరిగెత్తే మనిషి మామూలు కన్నా ఎక్కువ గాలి పీలుస్తాడు, అంటే విషాన్నీ ఎక్కువే పీలుస్తాడు. పైగా పెద్దవాళ్ళ ముఖం కన్నా పిల్లల ముఖం నేలకు దగ్గర. ఆ దారిలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటే నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది ఇదే.

ఇంత వాయువు ఎక్కడిది? దియెంగ్ ఒక్క శిఖరం ఉన్న అగ్నిపర్వతం కాదు. చిన్న చిన్న బిలాలు, వేడినీటి గుంటలు, బురద ఉడికే మడుగులు ఎన్నో ఉన్న విశాలమైన నేల. లోతున శిలాద్రవం చల్లారుతున్నకొద్దీ దాంట్లో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ విడివడి పైకి వస్తుంది. వేడినీరు, ఆవిరి వేల ఏళ్ళుగా రాతిని తినేసి మెత్తటి బంకమన్నుగా మార్చేశాయి. ఆ పొర కింద వాయువు చిక్కుబడి ఉంటుంది. భూకంపానికి పగులు తెరుచుకుంటే అక్కడి నుంచి బయటపడుతుంది. 1979లో జనం చావులకు అసలు కారణం పేలిన బిలం కాదనీ, పగుళ్ళలోంచి దాదాపు చల్లగానే వచ్చిన వాయువనీ తర్వాత పరిశోధించిన శాస్త్రవేత్తలు తేల్చారు. ఏడేళ్ళ తర్వాత, 1986 ఆగస్టులో, ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్యోస్ సరస్సు నుంచి ఇదే వాయువు ఉబికి వచ్చి సుమారు 1,700 మందిని చంపింది. లోకమంతా న్యోస్‌నే గుర్తుపెట్టుకుంది, కెపుచుకన్ పేరు ఎక్కడా వినిపించదు. అది న్యాయం కాదనే నా బాధ.

ఈ పీఠభూమిలో కిందికి పారే గాలి ఇదొక్కటే కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా, వానల్లేని కాలంలో, ఇక్కడ కొన్ని రాత్రులు నేల మీది ఉష్ణోగ్రత సున్నా కన్నా కిందికి పోతుంది. భూమధ్యరేఖకు దక్షిణంగా 7 డిగ్రీల దూరంలో ఉన్న చోట తెల్లారేసరికి గడ్డి మీద, బంగాళదుంప ఆకుల మీద తెల్లటి మంచు పేరుకుంటుంది. ఆకాశంలో మబ్బు లేదు, గాలిలో తేమ తక్కువ, ఎత్తేమో 2,000 మీటర్లు. పగలు నేల పట్టిన వేడంతా రాత్రి ఆకాశంలోకి పోతుంది. కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, మెల్లగా జారి, పల్లంలో చేరుతుంది. అందుకే మంచు వాలు మీది చేలల్లో కన్నా అడుగునున్న చదునులోనే ఎక్కువ పడుతుంది. రైతులు దీన్ని ఎంబున్ ఉపాస్ అంటారు, విషపు మంచు అని. ఎండ తగిలిన కాసేపటికి ఆకు వడలి, గోధుమరంగుకు తిరిగి, మాడినట్టు అయిపోతుంది. నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. కొందరు సూర్యుడు రాకముందే లేచి చేనంతా నీళ్ళు కొట్టి మంచును కడిగేస్తారు. పంట తినే చలిగాలి, మనిషిని చంపే వాయువు రెండూ ఒకే సూత్రం ప్రకారం కదులుతాయి. రెండిటికీ అనువైన సమయం కూడా ఒకటే: గాలి కదలని రాత్రి, తెల్లవారుజాము.

ఇలాంటి చోట మనుషులు ఎందుకున్నారంటే నేల అలాంటిది. అగ్నిపర్వతపు బూడిద కరిగి ఏర్పడ్డ మట్టి, చల్లటి వాతావరణం, బంగాళదుంపకు రెండూ కావాలి. మనుషుల రాక నిన్నమొన్నటిది కూడా కాదు. జావాలో ఇంకా నిలబడి ఉన్న రాతి గుళ్ళలో అతి పాతవి దియెంగ్‌లోనే ఉన్నాయి, పన్నెండు వందల ఏళ్ళ నాటి శివాలయాలు. స్థానికులు వాటికి తర్వాతి కాలంలో పెట్టుకున్న పేర్లు అర్జున, భీమ, ఘటోత్కచ, శ్రీకండి, సెంబద్ర. మన శిఖండి, సుభద్ర అక్కడ ఇలా మారారు. మరో చిన్న గుడి సెమార్‌ది. ఆయన మన భారతంలో లేడు, జావావాళ్ళు తమ తోలుబొమ్మలాటలో చేర్చుకున్న సేవకుడు. సొంత మనిషికి అర్జునుడి ఎదుటే ఒక గుడి ఇచ్చుకున్నారు, నాకది చాలా నచ్చింది.

కెపుచుకన్ మాత్రం మళ్ళీ ఊరు కాలేదు. మిగిలినవాళ్ళను వేరే చోట్లకు తరలించారు. చుట్టుపక్కల నేల మాత్రం ఖాళీగా లేదు, సేద్యం సాగుతూనే ఉంది. సినిలాకు దగ్గర్లోనే తింబాంగ్ అనే మరో బిలం ఉంది, దాన్నుంచి ఇప్పటికీ కార్బన్ డయాక్సైడ్ వస్తూ ఉంటుంది. 2011 మే నెలాఖరులో భూకంపాలు పెరిగి, వాయువు ఎక్కువైంది. అగ్నిపర్వతాల శాఖ హెచ్చరిక స్థాయి పెంచింది. వెయ్యి మందికి పైగా జనాన్ని ముందుగానే ఖాళీ చేయించారు. 2013లోనూ తింబాంగ్ మళ్ళీ కదిలింది.

తింబాంగ్ చుట్టూ పనిచేసే రైతులకు ఆ శాఖ ఇచ్చే సూచనల్లో రెండు నన్ను ఆలోచింపజేశాయి. మబ్బు పట్టి, పొగమంచు కమ్మి, వాన పడుతున్నప్పుడు బిలం వైపు చేలలోకి వెళ్ళొద్దు. ఎండ, గాలి లేకపోతే వాయువు చెదరదు కాబట్టి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. రెండోది, అక్కడ మీటరు కన్నా లోతుగా నేల తవ్వొద్దు. మట్టి సందుల్లో వాయువు నిండి ఉంటుంది, గొయ్యి తీస్తే అది అందులోకి ఊరుతుంది, గోతిలో వంగి పనిచేసే మనిషి తల సరిగ్గా అది నిలిచే మట్టంలో ఉంటుంది. బంగాళదుంపకు మీటరు లోతు అక్కర్లేదు, మోకాలి లోతు కూడా అక్కర్లేదు. అందుకే అక్కడ వ్యవసాయం కుదురుతోంది, బావి తవ్వడం కుదరదు.