రంగు మారితే చాలదండీ: ఆర్గానిక్ ల్యాబ్‌లో అపోహలు - వాస్తవాలు

విశాఖలో డిగ్రీ పిల్లల చేత ఆర్గానిక్ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ పరీక్షకుడు) రావడానికి వారం ముందు నుంచి ల్యాబ్‌లో టెన్షన్ ఎంతో, పుకార్లూ అంతే.

అపోహ: టాలెన్స్ పరీక్షలో (అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌తో ఆల్డిహైడ్‌ని పట్టే పరీక్ష) వెండి అద్దం వచ్చిందంటే అది ఆల్డిహైడే.

వాస్తవం: ఫ్రక్టోజ్ కీటోన్, అయినా అద్దం ఇస్తుంది. క్షారంలో అది గ్లూకోజ్, మానోజ్‌లుగా మారడమే కారణం. ఫార్మిక్ ఆమ్లమూ ఇస్తుంది. ముందే సోడియం బైకార్బనేట్ వేసి చూసుంటే బుసబుస పొంగి ఆమ్లమని దొరికిపోయేది. ఇంకోటి, టెస్ట్ ట్యూబ్ సరిగ్గా కడగకపోతే అద్దం బదులు నల్లటి మడ్డి వస్తుంది. అదీ వెండే. పిల్లలేమో 'రాలేదు' అని రికార్డులో రాసేస్తారు.

అపోహ: టాలెన్స్ ద్రావణం ఒకసారి కలిపి సీసాలో దాచుకోవచ్చు.

వాస్తవం: వద్దే వద్దు. నిల్వ ఉంటే పేలే గుణమున్న నల్లటి పదార్థం ఏర్పడుతుంది. అప్పటికప్పుడు కలుపుకోవాలి, పని కాగానే సజల నత్రికామ్లం పోసి కడిగేయాలి. మార్కులు పోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం మరవకండి.

అపోహ: బ్రోమిన్ నీటి రంగు పోతే కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్నట్టే.

వాస్తవం: ఫినాల్, అనిలీన్ కూడా పోగొడతాయి. కాకపోతే వాటితో తెల్లటి అవక్షేపం పడుతుంది.

అపోహ: ఫెహ్లింగ్ (నీలి కాపర్ ద్రావణంతో ఆల్డిహైడ్‌ని పట్టే పరీక్ష), టాలెన్స్ రెండూ ఒకటే.

వాస్తవం: బెంజాల్డిహైడ్‌తో చేసి చూడండి. టాలెన్స్ వస్తుంది, ఫెహ్లింగ్ రాదు.

అపోహ: లూకాస్ కారకం (గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింక్ క్లోరైడ్) వేయగానే తెల్లగా మసకబారితే టెర్షియరీ ఆల్కహాల్ (OH ఉన్న కార్బన్‌కి మూడు కార్బన్లు అతుక్కున్నది).

వాస్తవం: బెంజైల్ ఆల్కహాల్ పేరుకు ప్రైమరీ, కానీ వెంటనే మసకబారుతుంది. దాని కార్బోకాటయాన్ (ధనావేశమున్న కార్బన్ అయాన్) అంత స్థిరమైనది మరి. పైగా మన సముద్రపు గాలికి జింక్ క్లోరైడ్ సీసా మూత కాసేపు తీసి ఉంచితే చాలు, లోపల ముద్దముద్దవుతుంది. నీరు చేరిన కారకం మందగిస్తుంది, నింద ఆల్కహాల్ మీద పడుతుంది.

ఓసారి ఒక అబ్బాయి 1-ఆక్టనాల్‌ని (ఎనిమిది కార్బన్ల ప్రైమరీ ఆల్కహాల్) టెర్షియరీ అని రాశాడు. ఆరు కార్బన్లు దాటిన ఆల్కహాల్ ఆ కారకంలో సరిగ్గా కరగదు, ఆ మసక దానిది. "ఉత్త నీళ్లలో వేసి చూడు నాయనా" అన్నాను. అక్కడా అదే మసక. ఏమీ మాట్లాడకుండా రికార్డులో ఆ లైను కొట్టేసుకున్నాడు.