బజ్జీల కాగితం, గొర్రెపిల్ల నాలుగు చెవులు

పోయిన నెల ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ఆరువందల ఏళ్ల నాటి తైలవర్ణ చిత్రం మీద ఎవరో మళ్లీ రంగు వేసేశారట. కింద అసలు బొమ్మ ఉందని ఎలా తెలుసుకున్నారండీ? గీకి చూశారా?"

ఆవిడ అడిగింది బెల్జియంలోని గెంట్ నగరంలో, సెయింట్ బావో కథీడ్రల్‌లో ఉన్న వాన్ ఐక్ సోదరుల చిత్రం గురించి. ఓక్ చెక్క పలకల మీద వేసి, తలుపుల్లా తెరిచి మూసేలా అమర్చిన పెద్ద చిత్రమది. మధ్యలో, బలిపీఠం మీద ఒక గొర్రెపిల్ల నిలబడి ఉంటుంది. 2020 జనవరిలో దాని ఫొటో లోకమంతా తిరిగింది. మనిషిలా సూటిగా మనవైపే చూసే కళ్లు, చిన్న మూతి. బాగుచేయమని ఇస్తే పాడుచేశారని జనం నవ్వుకున్నారు. కానీ ఆ ముఖం కొత్తగా వేసింది కాదు. 1432లో ఉన్నది అదే. అందరికీ అలవాటైన సాధుగొర్రె ముఖమే వందేళ్లకు పైగా గడిచాక వచ్చి దానిమీద కూర్చుంది.

గీకి చూశారా అన్న ప్రశ్నకి జవాబు బజ్జీల బండి దగ్గర ఉంది.

వేడి మిరపకాయ బజ్జీలు న్యూస్‌పేపర్ ముక్కలో పెట్టిస్తాడు. రెండు నిమిషాల్లో నూనె పీల్చి, అవతలి పేజీలో అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి ఇందులో వింతేముందని అడగం. నూనె కాగితాన్ని పల్చగా చెయ్యలేదు, అందులోంచి ఏదీ తీసెయ్యలేదు, పైగా ఇంకో పదార్థం చేర్చింది. అడ్డం పెరిగితే ఇంకా కనపడకూడదు కదా?

కాగితం పోగులు నిజానికి తెల్లనివి కావు, దాదాపు గాజులా రంగులేనివి. వాటి వక్రీభవన గుణకం (ఒక పదార్థంలో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.5 దగ్గర, మధ్యలో ఇరుక్కున్న గాలిది 1. వెలుగు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దాటే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందో చెప్పే లెక్క చిన్నదే: రెండు గుణకాల తేడాని వాటి మొత్తంతో భాగించి, వర్గం చెయ్యాలి. 0.5ని 2.5తో భాగిస్తే 0.2, దాని వర్గం 0.04. అంటే నూటికి నాలుగు వంతులు. ఇలాంటి హద్దులు వరసగా ఎన్నో ఉంటే వెలుగు చెల్లాచెదురై తిరిగొచ్చేస్తుంది. దాన్నే మనం తెలుపు అంటున్నాం. ఇప్పుడు గాలి ఉన్నచోట నూనె చేరింది. దాని గుణకం 1.47. తేడా 0.03 మాత్రమే, తిరిగొచ్చేది పదివేలకి ఒక వంతు. హద్దులు అక్కడే ఉన్నాయి, కానీ వెలుగుకి అవి కనపడటం మానేశాయి.

సున్నం కొట్టిన గోడ కూడా ఇంతే. తడిగా ఉన్నంతసేపూ వెలవెలబోతూ ఉంటుంది. నీళ్లు ఆరి ఆ సందుల్లోకి గాలి వస్తేనే తెల్లబడుతుంది. వాకిట్లో పిండి ముగ్గూ అంతే, వెయ్యగానే అంత తెల్లగా ఉండదు. బళ్లో మాకు వక్రీభవనం అంటే గాజు పలక, నాలుగు గుండుసూదులు, కాగితం మీద రెండు గీతలు. బజ్జీల కాగితం, ముగ్గు గురించి ఏ మాస్టారూ చెప్పలేదు. చెప్పుంటే మార్కుల మాట ఏమోగానీ ఆకలి వేసేది.

సరే, చిత్రం దగ్గరికి వద్దాం. సుద్దపొడి గుణకం సుమారు 1.6. గాలిలో తెల్లగా ఉండే ఆ సుద్దని అవిసె నూనెలో (1.48) నూరితే దాదాపు మాయమైపోతుంది. అందుకే వాన్ ఐక్ కాలం చిత్రకారులు తెల్లరంగుకి సుద్దని కాదు, సీసం సఫేదాని వాడారు. దాని గుణకం 2 దగ్గర. పై లెక్క వేస్తే ఒక్కో హద్దు దగ్గర నూటికి 2.2 వంతుల వెలుగు తిరిగొస్తుంది. కింద ఉన్నదాన్ని కప్పడానికి అది చాలు.

కానీ ఆ నూనె నూనెగా ఉండిపోదు. అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది. ఆరుతూ మొదట బరువు కూడా పెరుగుతుంది. సన్‌ఫ్లవర్ నూనె డబ్బా మూత చుట్టూ జిగురుగా పట్టే జిడ్డు ఇదే పని సగంలో ఆగిన రూపం. ఏ నూనె ఇలా ముడిపడగలదో అయోడిన్ విలువ అనే అంకె చెబుతుంది, అది ఎంత ఎక్కువైతే అంత బాగా ముడిపడుతుంది: కొబ్బరి నూనెకి 10 దగ్గర, వేరుశనగ నూనెకి 90 దగ్గర, అవిసె నూనెకి 180 దగ్గర. కొబ్బరి నూనెతో బొమ్మ వేస్తే మునిమనవలు ముట్టుకున్నా చేతికి అంటుతుంది. నూనెరంగుని కనిపెట్టింది యాన్ వాన్ ఐక్ అని ఐరోపాలో చాలాకాలం నమ్మారు. అది కట్టుకథ. అఫ్గానిస్తాన్‌లోని బామియాన్ గుహల్లో 7వ శతాబ్దం నాటికే ఆరే నూనెలతో వేసిన బొమ్మలున్నాయి. వాన్ ఐక్ కనిపెట్టలేదు. కానీ ఆ పనిని ఆయనంత బాగా చేసినవాళ్లు ముందు లేరని నా అభిప్రాయం.

శతాబ్దాలు గడిచేకొద్దీ గట్టిపడ్డ నూనె గుణకం 1.48 నుంచి సుమారు 1.57కి పెరుగుతుంది. మళ్లీ లెక్క వెయ్యండి: 2.2 వంతులు కాస్తా 1.45 అవుతుంది. మూడో వంతు పోయింది! పైగా సఫేదాలో సీసం నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బుగా మారుతుంది, దానికి కప్పే శక్తి తక్కువ. చిత్రం తనంతట తానే బజ్జీల కాగితం అవుతుంది. చిత్రకారుడు దిద్ది కప్పేసిన చెయ్యో టోపీయో మూడొందల ఏళ్ల తర్వాత నీడలా పైకి తేలుతుంది. ఆ నీడని చూసి దెయ్యమని జడుసుకున్నవాళ్లని నేను తప్పుపట్టను. ఆరో వేలు కనిపిస్తే ఎవరైనా జడుసుకుంటారు.

అంతకాలం ఆగలేకపోతే వెలుగునే మార్చాలి. కంటికి కనపడని పరారుణ కాంతి (ఇన్‌ఫ్రారెడ్) తరంగం పొడవైనది. దానికి రంగు పొడి రేణువులు చాలా చిన్నవిగా అనిపిస్తాయి, అంతగా చెదరదు. చాలా రంగుల్ని దాటుకుని అడుగున ఉన్న సుద్ద పూత దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఆ పూత మీద బొగ్గు నలుపుతో గీసిన గీతలుంటే అక్కడ మాత్రం ఇంకిపోతుంది. కెమెరాలో గీతలు నల్లగా కనిపిస్తాయి. 1960లలో డచ్ భౌతిక శాస్త్రవేత్త వాన్ ఆస్పెరెన్ డి బూర్ ఈ పద్ధతిని పక్కాగా తయారుచేసి, తర్వాత గెంట్ చిత్రాన్నీ చూశాడు. గొర్రెపిల్ల ముందున్న రాతి ఫౌంటెన్‌ని అప్పటికే పూర్తయిన పచ్చిక మీద వేశారని ఇలాంటి పరిశీలనల్లోనే బయటపడింది. ఎర్రసుద్దతో గీసిన గీత మాత్రం ఈ కంటికి దొరకదు.

అయితే పచ్చిక ఎవరిది, ఫౌంటెన్ ఎవరిది? చట్రం మీద నాలుగు లాటిన్ పాదాలున్నాయి. అంతకు మించినవాడు లేడనదగ్గ హ్యూబర్ట్ మొదలుపెట్టాడని, కళలో రెండోవాడైన యాన్ పూర్తిచేశాడని. అన్న హ్యూబర్ట్ 1426లో పోయాడు. ఆ పాదాలు కూడా ఆకుపచ్చ రంగు కింద దాగి ఉండి, కొన్ని పలకలు బెర్లిన్‌లో ఉన్నప్పుడు 1823లో అక్కడ బయటపడ్డాయి. హ్యూబర్ట్ అనే చిత్రకారుడే లేడు, తర్వాతివాళ్లు అల్లారని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ అక్షరాలు చట్రం అసలు పూత నాటివేనని ఈమధ్య మరమ్మతుల్లో తేలింది. కాబట్టి హ్యూబర్ట్ ఉన్నాడు. కానీ పరారుణ చిత్రం కింద గీతని చూపిస్తుంది, గీసినవాడి పేరు చెప్పదు. ఈ గడ్డిపోచ అన్న వేసింది, ఆ గడ్డిపోచ తమ్ముడు వేసింది అని ఎవరైనా ధీమాగా చెబితే నేను కాస్త వెనక్కి జరిగి కూర్చుంటాను.

చెక్క వయసు చూడొచ్చు కదా అంటారు. ఓక్ వలయాలు లెక్కపెడితే, ఆ చెట్టు ఏ సంవత్సరం దాకా బతికే ఉందో తెలుస్తుంది, అంతే. ఈ చిత్రంలోనే న్యాయమూర్తుల పలకని 1934 ఏప్రిల్‌లో దొంగలు ఎత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. దాని స్థానంలో ఉన్న నకలుని యెఫ్ వాన్ డెర్ వేకెన్ రెండొందల ఏళ్ల నాటి బీరువా అర మీద వేశాడు. చెక్కని అడిగితే అది నిజమే చెబుతుంది, కానీ మనం అడిగిన ప్రశ్నకి కాదు.

ఈ చిత్రం పడ్డ కష్టాలకి ఇక్కడ చోటు చాలదు. బెర్లిన్‌లో 1894లో ఆరు పలకల్ని మందం మధ్యకి రంపంతో చీల్చారన్నది ఒక్కటి చెప్పి వదిలేస్తాను. రెండువైపులా ఉన్న బొమ్మల్ని పక్కపక్కన చూపించాలని! రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అంతా ఆస్ట్రియాలో ఉప్పుగనిలో తేలింది.

2012లో పెద్ద మరమ్మతు మొదలైంది. మూసినప్పుడు కనిపించే పలకల్లో సుమారు 70 శాతం మీద పైపూత ఉందని తేలింది. అంతకుముందు నిపుణులెందరో చూసి, వాన్ ఐక్ చెయ్యి అద్భుతమని మెచ్చుకున్న చోట్లు కూడా అందులో ఉన్నాయి! పైపూత అని ఎలా చెప్పారంటే, ఎక్స్-కిరణాలతో ఏ చోట సీసం, ఏ చోట పాదరసం, ఏ చోట రాగి అని పటాలు గీశారు. అన్నిటికన్నా నాకు నచ్చిన సాక్ష్యం మాత్రం ఇంకా సాదాది. అసలు రంగు పొర కాలంతో పగిలి బీటలు వారింది. ఆ బీటల్లోకి పైరంగు కారి నిండింది. బీటలు ముందు, రంగు తర్వాత. మధ్యలో పాత వార్నిష్, మురికి పొర కూడా ఉంది. తనే వేసిన బొమ్మ బీటలు వారేదాకా కాచుకుని ఎవరూ దిద్దుకోరు కదా. 1550లో ఇద్దరు చిత్రకారులు దీన్ని బాగుచేసినట్టు రికార్డుంది, గొర్రె ముఖం మీది పూత కూడా ఆ శతాబ్దం మధ్యకాలానిదే.

1951లో మరమ్మతు చేసినవాళ్లు గొర్రెపిల్ల తల చుట్టూ ఉన్న పైపూత కొంత తీశారు. అసలు చెవులు బయటపడ్డాయి. ముఖం మీది పూత తీసే సాహసం చెయ్యలేదు, దాంతోపాటు వచ్చిన చెవులూ ఉండిపోయాయి. అలా 2019 దాకా గొర్రెపిల్ల నాలుగు చెవులతో నిలబడింది. చివరికి మైక్రోస్కోప్ కింద, సన్నటి కత్తితో, అంగుళం అంగుళంగా ఆ పూత తీశారు. కింద అసలు ముఖం చాలావరకు చెక్కుచెదరకుండా ఉంది.

కాబట్టి అమ్మా, గీకారు. కానీ చూడ్డానికి కాదు, చూశాక.