పెట్టెలతో పాటు వెళ్లని ఫిర్యాదు

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, బొల్లారం వైపు మిలిటరీ క్వార్టర్లలో పోస్టింగ్ వచ్చిందంటే మొదట బయటికొచ్చేవి నల్ల ఇనప్పెట్టెలు. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. రెండు మూడేళ్లకోసారి సంసారమంతా వాటిలోకి ఎక్కాల్సిందే. మొగుడు కొడుతున్నాడని భార్య చెప్పుకున్న మాట మాత్రం చాలాసార్లు పాత యూనిట్లోనే ఉండిపోతుంది. కొత్త ఊళ్లో కొత్త సీవో, అంటే యూనిట్‌ని నడిపే కమాండింగ్ ఆఫీసర్. మళ్లీ దెబ్బలు పడితే అక్కడ అదే మొదటిసారి కింద లెక్క.

‘లోపలి తగవు లోపలే’ అన్న అలవాటు పాతది. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఇంగ్లీషు పటాలాలు దిగాయి. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ వెలిసింది. పటాలానికి దాని బజారు, దాని పెద్దమనుషులు. 1950 నాటి ఆర్మీ చట్టమూ సిపాయి జీతాన్ని బయటి కోర్టు జప్తు చేయకూడదంది. భార్యాపిల్లల్ని పోషించకపోతే జీతంలో కోత పెట్టే అధికారం సైన్యానికే ఇచ్చింది. అర్జీ పెట్టుకుంటే డబ్బు రావచ్చు. మరి నెలనెలా డబ్బిస్తూనే కొట్టేవాడి సంగతి? పిలిపించి మందలించడం, ఆమెతో ‘సర్దుకుపోమ్మా’ అనడం. 1966లో ఏర్పడ్డ ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం మంచి పనులే చేస్తోంది. అయినా మొగుడి పై అధికారి భార్య ముందు కూర్చుని కమిలిన చెయ్యి చూపించడం అంత తేలికా?

1983లో భార్యని హింసించడాన్ని నేరం చేస్తూ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ వచ్చింది. ఇప్పుడది దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 85. పోలీస్ స్టేషన్‌కి దారి దొరికింది గానీ, కేసు రుజువైతే మొగుడి ఉద్యోగం, క్వార్టర్ ఒకేసారి పోతాయన్న టెన్షన్ ఆమెదే.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఈ ముడిని కొంత విప్పింది. జైలు కన్నా ముందు, ఇక కొట్టొద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. దాన్ని మీరి మళ్లీ చెయ్యెత్తితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే ‘మళ్లీ’ అన్నదే నేరమైంది. తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్లోనైనా పిటిషన్ వేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 27వ సెక్షన్ ప్రకారం ఆ ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. సికింద్రాబాద్‌లో ఇచ్చింది పఠాన్‌కోట్‌లోనూ పనిచేస్తుంది.

అయితే కొత్త చోట ఆ సంగతి ఎవరు చెప్పాలి? నాకు తెలిసిన ఒకావిడ ఈసారి పెట్టెలు సర్దేటప్పుడు ఉత్తర్వుని మూడు జిరాక్సులు తీయించింది. ఒకటి చెల్లెలికిచ్చింది. ఒకటి పిల్లాడి టీసీతో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టింది. మూడోది హ్యాండ్‌బ్యాగులో.